కుడిచేతి గేరు

పోయినేడు కోతపండక్కి మా ఇంటినించి గుడికి ఏం కానుక వెళ్ళిందో అమలాపురంలో మా వీధంతటికీ తెలుసు. ఎందుకు వెళ్ళిందో మాత్రం మా ఆయనకీ, నాకూ, ఇంకొకావిడకీ తప్ప ఎవరికీ తెలియదు. పాస్టరుగారు ఇప్పటికీ నా భక్తి గురించి ప్రసంగాల్లో చెబుతూనే ఉన్నారు. చెప్పుకోనివ్వండి, ఆయన సరదా ఆయనది.

మా ఆయన పేరు జయప్రకాష్. కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. తాగరు, పేకాడరు, ఒకరి జోలికి పోరు. ఆయనకున్న జబ్బల్లా సైకిళ్ళే అనుకునేదాన్ని. మామూలు సైకిళ్ళయితే నేనూ నోరెత్తను. ఇవి రోడ్ బైకులు. గొర్రెపోతు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, వేలెడు వెడల్పు టైర్లు. స్టాండుండదు, క్యారియరుండదు, ఆఖరికి బెల్లు కూడా ఉండదు. తోటకూర కట్ట తెచ్చుకోడానికి కూడా పనికిరానిదాన్ని సైకిలనడానికి నాకైతే నోరు రాదు.

మొదట్లో ఏడాదికొకటి మార్చేవారు. ఎవరో వాడేసినది కొనడం, పది నెలలు తుడిచి తుడిచి తొక్కడం, ఇంకెవరికో అమ్మడం. మార్చడానికి ఏదో ఒక వంక దొరికేది. ఒకటి బరువన్నారు, ఒకటి పొట్టన్నారు, ఒకదానికి రంగు బాగాలేదన్నారు. పోనీలే, మగాళ్ళకి ఏదో ఒక పిచ్చుంటుందని ఊరుకున్నాను. కానీ పోయినేడు వానలు మొదలైనప్పట్నించీ మార్పిడి ఊపందుకుంది. బస్సు మీద అట్టపెట్టె రావడం, వరండాలో విప్పడం, పట్టుమని పాతిక రోజులు కాకుండానే అది పోయి ఇంకో పెట్టె రావడం. ఈసారి వంక మాత్రం ఒక్కటే. కుడిచేతి గేరు బిగుసుగా ఉందిట.

"మళ్ళీనా?" అన్నాను నీలం సైకిలొచ్చిన రోజున.

"ఇది వేరు కరుణా. దీని గేరు తేలిగ్గా పడుద్దంట."

"పోయినదానికీ అదే అన్నారు కదండీ."

"అన్నాను. తీరా చూస్తే బిగుసు. వేలుతో తొయ్యాలంటే ప్రాణం పోతోంది."

మా అత్తగారు సరోజినిగారు మంచం మీంచే అందుకున్నారు. "వాళ్ళ నాన్నా ఇంతేనమ్మా. ఆయనకి రేడియోలు. ఏ రేడియో తెచ్చినా సరిగ్గా పలకట్లేదనేవోరు. మార్చేరు, మార్చేరు, ఇంట్లో ఉండగా ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినబడకుండా సౌండు పెట్టేరు. ఆఖరికి ఆ మోతకి చెవులు పోయాయి మనిషికి."

"రేడియోకి చెవులు పోతాయా అత్తయ్యగారూ?"

"పోకేం! వీడికి ఈ సైకిళ్ళవల్ల ఏం పోతాదో చూద్దువుగాని."

నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. పరీక్ష హాల్లో నేను కాపలా ఉన్నానంటే చీటీ తెచ్చుకున్న పిల్లలకి చెమటలు పడతాయి. తప్పు చేసేవాడి వీపు చూసి చెప్పేస్తానని మా స్టాఫ్‌రూమ్‌లో నాకు పేరు. అలాంటిదాన్ని, మా ఇంట్లో మనిషిని కనిపెట్టలేనా? సైకిళ్ళ మార్పిడి ఒట్టి సాకు, వెనకాల ఇంకేదో ఉందని నాకు అనుమానం మొదలైంది. ఒకసారి మొదలైతే ఇంకేముంది, ఎటు చూసినా అదే కనబడింది.

ఎప్పుడూ నిండు చేతుల చొక్కా టక్ చేసుకునే మనిషి టీషర్టుల్లోకి దిగారు. ఏభై దగ్గర పడుతుంటే ఇప్పుడెవరికోసమండీ ఈ కుర్రవేషం? కాలేజీలో బోర్డు మీద ముత్యాల్లా రాస్తారని పేరున్న మనిషి, రాయడం మానేసి తెర మీద బొమ్మలు వేసి పాఠం చెబుతున్నారట. కుడిచెయ్యి ఎప్పుడు చూసినా ప్యాంటు జేబులోనే. అందులో ఫోనుంటుంది కదా మరి! ఒకరోజు మోకాలు గీరుకుపోయి వచ్చారు. ఏమైందంటే బాత్రూములో జారానన్నారు. మా ఇంటి బాత్రూములో గచ్చు తప్ప కంకరుందా?

ఇవన్నీ ఒక ఎత్తు, పండుగప్ప పులుసు ఒక ఎత్తు. ఆదివారం మధ్యాహ్నం ముక్కలు వేసి వేడివేడి అన్నంలో పులుసు పోస్తే, ఆయన లేచి వెళ్ళి చెంచా తెచ్చుకున్నారు. చేపల పులుసు చెంచాతో తినేవాణ్ణి గోదావరి జిల్లాలో ఎక్కడైనా చూశారా మీరు?

"ఇదెక్కడ నేర్చుకున్నారు?" అన్నాను.

"ఏం, తప్పా?"

"తప్పని ఎవరన్నారు? ఎవరు నేర్పేరని అడుగుతున్నాను."

ఆయన నా వంక ఒక్క క్షణం చూసి, తల దించుకుని ఎడంచేత్తో తినడం మొదలుపెట్టారు. జవాబు లేకపోతే పిల్లలు కూడా సరిగ్గా ఇలాగే తల దించుకుంటారు.

ఇంక ప్రతి శనివారం కాకినాడ. మురమళ్ళ మీదుగా వెళ్ళే బస్సెక్కి పొద్దున్నే బయల్దేరడం, ఎవరో సైకిలు అమ్ముతున్నారనడం, సాయంత్రం కాజాల పొట్లంతో దిగడం. పెళ్ళయి ఇరవై రెండేళ్ళలో అడక్కుండా మిఠాయి తెచ్చిన మనిషి కాదు. ఆ కాజాలు నేను ముట్టలేదు. అత్తగారే తిన్నారు.

అయినా ఏదో మూల, ఛ, మా ఆయన అలాంటివారు కాదులే అనిపించేది. ఆ కాస్తా బల్ల దగ్గర పోయింది. నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల. వరసగా వెళ్ళి మోకరించి, రొట్టెముక్క తిని, వేలెడంత గ్లాసులో ద్రాక్షారసం తాగి వస్తాం. మనసులో పాపం పెట్టుకుని ఆ గ్లాసు ముట్టకూడదు. ముట్టకుండా కూర్చున్నవాణ్ణి చూసి అందరూ అర్థం చేసుకుంటారు, వీడి ఇంట్లో ఏదో ఉందని. అక్టోబరు బల్లకి మా ఆయన లేవలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. నవంబరులోనూ లేవలేదు. పక్క వరసలో మగాళ్ళంతా వెళ్ళి వస్తుంటే బెంచీ మీద ఒక్కరూ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు. ఆడవాళ్ళ వైపునించి చూస్తూ నేను పాట మధ్యలో ఆపేశాను. నా సంసారం పోయిందని అప్పుడే ఖాయం చేసుకున్నాను.

కోతపండక్కి రెండు రోజుల ముందు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను మోగింది. నేను ముట్టుకోలేదు, వెలిగిన అక్షరాలు అవే కనబడ్డాయి. 'సూర్య, కొత్తపేట' అని పేరు. కింద ఇలా ఉంది: 'శనివారం వస్తాను సార్. మేడమ్‌కి నేనేం చెప్పనులెండి.'

ఇంతెత్తున లేచి దెబ్బలాడదామనుకున్నాను. దెబ్బలాడితే ఏముంది? ఏడుస్తాను, ఆయన నీళ్ళు నములుతారు, ఆ సూర్య ఎవరో సైకిలు కొనేవాడంటారు. ఆయన నోరు కాదు, ఆయన మొహం చూడాలి నేను. పిల్లాడి జేబులో చీటీ తీసి బల్లమీద పెట్టి మొహం చూస్తే చాలు, ఇంక అడగక్కర్లేదు.

శనివారం ఆయన కాకినాడ బస్సెక్కారు. కాసేపటికి కానుకలు పోగేసే ట్రాలీ ఆటో మా గుమ్మంలో ఆగింది. మా కోతపండక్కి ఎవరి స్తోమతు కొద్దీ వాళ్ళు ప్రథమ ఫలమని ఏదో ఒకటి ఇస్తారు. కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు. అన్నీ గుళ్ళో పెట్టి ప్రార్థన చేశాక సాయంత్రం వేలం వేస్తారు. ఒకసారి ప్రార్థన పడిందంటే అది దేవుడి సొత్తు. ఇచ్చినవాడికైనా మళ్ళీ కావాలంటే నలుగురితో పాటు పాడుకోవలసిందే.

సంఘపెద్ద సాలమోనుగారు దిగారు. "ఏవమ్మా కరుణమ్మా, ఏవిస్తన్నారు ఈ ఏడు?"

గుమ్మడికాయ, రెండు గెలలు సిద్ధంగానే ఉన్నాయి. వరండాలో గోడకి చేరేసి తెల్ల సైకిలుంది. వచ్చి మూడు వారాలు కాలేదు. అంతకుముందు వాటి కంటే ఖరీదైనది, గేరుకి లివరు బదులు బటను ఉందిట.

"అదివ్వండి," అన్నాను.

"అదా! మేస్టారికి తెలుసా అమ్మా?"

"ఆయ్. ఆయనే ఇమ్మన్నారండి."

సాలమోనుగారు రెండు చేతులూ జోడించేశారు. గుమ్మడికాయల మధ్య కొమ్ములు పైకెత్తుకుని ఆ సైకిలు వీధి మలుపు తిరుగుతుంటే, కడుపులో మంట కాస్త చల్లారింది. రానీ ఆ సూర్యని. వచ్చి ఏం పట్టుకుపోతాడో చూస్తాను. 'వాడు' అని పైకి అనుకుంటున్నాను గానీ, వాడు కాదని నాకు గట్టి నమ్మకం.

నా నమ్మకం వమ్ము కాలేదు. మధ్యాహ్నం గుడికి బయల్దేరుతుంటే గేటు ముందు సైకిలాగింది. పోయిన నెల మా వరండాలో ఉన్న నీలం సైకిలు! దిగినావిడకి నా వయసే ఉంటుంది. ట్రాక్ ప్యాంటు, మెడలో విజిలు, ఎండకి కమిలిన మొహం.

"నమస్తే మేడమ్. నా పేరు సూర్యకుమారండి. కొత్తపేటలో పీఈటీని. సార్ తెల్ల సైకిలు తీసుకోమన్నారండి."

"లోపలికి రండి," అన్నాను. కుర్చీ వేశాను, మంచినీళ్ళిచ్చాను. ఎదురుగా నిలబడి అడిగాను. "నాకు ఏం చెప్పనులెండి అని మెసేజీ పెట్టేరు. ఏంటండీ అది?"

ఆవిడ చేతిలో గ్లాసు ఆగిపోయింది. "సార్ చెప్పొద్దన్నారు మేడమ్."

"నేను చెప్పమంటున్నాను."

కాసేపు నా మొహంలోకి చూసింది. నేనేం అనుకుంటున్నానో అర్థమైందనుకుంటాను. చెంపలు ఎర్రబడ్డాయి, గ్లాసు కింద పెట్టేసింది.

"మొన్నా మధ్య ముమ్మిడివరం దాటేక సార్ పడిపోయేరండి. ఎదురుగా గేదొచ్చింది. బ్రేకు నొక్కలేకపోయేరు. మా గ్రూపువాళ్ళం నలుగురం ఉన్నాం, లేవదీసేం. ఇంట్లో కంగారు పడతారు, చెప్పొద్దన్నారు. అంతేనండీ."

"బ్రేకు పాడయిందా?"

"లేదు మేడమ్." ఆవిడ గేటు బయట నీలం సైకిలు వంక చూసింది. "మీ ఇంట్లోంచి వెళ్ళిన సైకిళ్ళన్నీ మా గ్రూపులోనే ఉన్నాయండి. అన్నిటికీ సార్ ఒకటే చెప్పేరు, కుడిచేతి గేరు బిగుసని. మాకెవరికీ బిగుసనిపించలేదు. ఈ నీలందైతే వెన్నలా పడతాది. పోనీ అది వదిలెయ్యండి. తెల్లదానికి బటను మేడమ్. సెల్లు నొక్కినట్టు ఊరికే తాకడమే. సార్ అదీ బిగుసుగా ఉందంటున్నారు. బటను బిగుసుగా ఉండడమేంటండీ?"

మంచం మీద అత్తగారు అటు తిరిగి నిద్రపోతున్నారు. ఆవిడ తలవైపు అల్మారాలో మావగారి ఆఖరి రేడియో ఉంది. ఎవరూ విప్పి బాగుచేసింది లేదు, అయినా అది ఇప్పటికీ బ్రహ్మాండంగా పలుకుతుంది. మోతకి చెవులు పోలేదు. చెవులు పోతున్నాయనే మోత పెంచుకున్నారాయన.

గుండీలు లేని టీషర్టులు. బోర్డు మీద రాయకపోవడం. జేబులో చెయ్యి. చెంచా, అదీ ఎడంచేత్తో. ద్రాక్షారసం గ్లాసు.

"సైకిలు గుళ్ళో ఉందండీ," అన్నాను. "నాతో రండి."

మేం వెళ్ళేసరికి ఆరాధన అయిపోయింది. గుడి ఆవరణలో షామియానా కింద వేలం జోరుగా సాగుతోంది. సాలమోనుగారు పాట పాడించడం మొదలుపెడితే పొట్ట చెక్కలే. ఆయనకో నియమం ఉంది. దేవుడి పాటకి కుడిచెయ్యి ఎత్తాలి, అదీ తల మీదికి. ఎడంచెయ్యి లెక్కలోకి రాదు. చంకలో పిల్లతో వీరాయమ్మగారు గుమ్మడికాయకి ఎడంచెయ్యి ఎత్తితే, పిల్లని ఇటు నించి అటు మార్చుకునేదాకా పాట ఆపేశారు. జనం ఒకటే నవ్వు.

మా ఆయన అప్పుడే బస్సు దిగి వచ్చినట్టున్నారు. మగాళ్ళ వైపు చివర నిలబడ్డారు. ఎడంచేతిలో కాజాల పొట్లం, కుడిచెయ్యి జేబులో. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను పలకరించేలోపే ఇద్దరు కుర్రాళ్ళు తెల్ల సైకిలు ఎత్తి బల్ల మీద పెట్టారు.

"చూడండి బాబూ! జయప్రకాష్ మేస్టారి ఇంటి కానుక!" సాలమోనుగారి గొంతు ఆవరణంతా మోగింది. "మన గుడికి కోడొచ్చింది, మేకొచ్చింది, పాలిచ్చే గేదె కూడా వచ్చింది. రేసు సైకిలు రావడం ఇదే మొదటిసారండోయ్! ఎవరు మొదలెడతారు?"

ఆయన సైకిలు వంక చూశారు. తరవాత నన్ను వెతికి చూశారు. పొద్దుట్నించీ నేను చూడాలనుకున్న మొహం అదే. అందులో దొరికిపోయిన దొంగెవరూ లేరు. పెద్ద భయంతో ఉన్న మనిషి ఉన్నారు, అంతే.

ఎవరో కుర్రాడు చెయ్యెత్తాడు. నా పక్కన సూర్యకుమారి ఎత్తింది. కుర్రాడు పెంచాడు, ఈవిడ ఇంకాస్త పెంచింది. అప్పుడు మగాళ్ళ వైపు చివర్నించి ఇంకో చెయ్యి లేచింది, కాజాల పొట్లంతో సహా.

"మేస్టారూ! ఇచ్చింది మీరే, పాడుకునేది మీరేనా?" సాలమోనుగారు పగలబడి నవ్వారు. "సంతోషవండి. కానీ ఎడంచెయ్యి కుదర్దు. దేవుడి సొత్తుకి కుడిచెయ్యి పైకెత్తండి!"

"కుడిచెయ్యి! కుడిచెయ్యి!" అని కుర్రాళ్ళు అందుకున్నారు. ఆయన పాఠం చెప్పిన కుర్రాళ్ళే అందరూ.

ఆయన ఎడంచెయ్యి దించారు. కుడిచెయ్యి జేబులోంచి రాలేదు. జేబు గుడ్డ మాత్రం లోపల్నించి సన్నగా కదులుతోంది. అంతమంది నవ్వుతుంటే ఆయన కూడా నవ్వబోయారు, చేతకాలేదు. ఇన్నాళ్ళూ ఈ మనిషిని ఒక్కరినీ వదిలేసి నేను ఎవరెవర్నో వెతుకుతూ కూర్చున్నానా!

మా గుడిలో ఆడవాళ్ళు మగాళ్ళ వైపు వెళ్ళరు. నేను మధ్య దారి దాటి ఆయన పక్కకి వెళ్ళి నిలబడ్డాను. జేబులో చెయ్యి పెట్టి ఆయన చెయ్యి బయటికి తీశాను. గుప్పిట్లో పట్టుకున్న కోడిపిల్లలా కొట్టుకుంటోంది. వేళ్ళ మధ్య వేళ్ళు బిగించి, రెండు చేతులూ కలిపి తల మీదికి ఎత్తాను.

"మా పాట, సాలమోనుగారూ!"

ఆవరణంతా ఒక్కసారి ఈలలు, చప్పట్లు. మేస్టారు, మేడమ్ ఈ వయసులో చేతులు పట్టుకున్నారని వాళ్ళ సంబరం. సూర్యకుమారి ఎత్తబోయిన చెయ్యి దించేసింది. కుర్రాడితో ఏం చెప్పిందో ఏమో, వాడూ ఊరుకున్నాడు. మూడుసార్లు పిలిచి సాలమోనుగారు బల్ల మీద కొట్టేశారు.

ఇంటికి నడిచే వచ్చాం. సైకిలు నేను నడిపించాను. అంతవరకూ దాని మీద చెయ్యి వెయ్యలేదు నేను, గాలిబుడగలా ఉంది. కాలవ వంతెన దాటాం.

"ఎప్పట్నించండీ?" అన్నాను.

"ఎండాకాలం నించీ." ఆయన సైకిలు సీటు తడిమారు. "తప్పు సైకిల్దయితే ఇంకోటి కొనుక్కోవచ్చు కదా కరుణా. అందుకని..."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేస్తే ఇంక అది నిజమైపోద్ది కదా." కుడిచెయ్యి వంక చూసుకున్నారు. "ఇవాళ కాకినాడలో డాక్టరు పేరు కూడా చెప్పేడు దీనికి. మందులున్నాయంట. పోడం మాత్రం పోదంట."

నాకు ఏడుపొచ్చింది. వీధిలో ఏడిస్తే బాగుండదని సైకిలు హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను. "నేనేమనుకున్నానో తెలుసా మీకు? ఆ సూర్యకుమారీ మీరూ..."

"ఆవిడా!" ఆయన నడక ఆపేశారు. "పడినప్పుడు ఆవిడ నన్ను తిట్టిన తిట్లు వింటే ఆ మాట అనవు నువ్వు!" అని నవ్వడం మొదలుపెట్టారు. నెలల తరవాత నవ్వు. నేనూ నవ్వేశాను, ఏడుస్తూనే.

వరండాలో అత్తగారు కళ్ళు చికిలించి చూశారు. "మళ్ళీ కొత్త సైకిలా అమ్మాయ్?"

"కాదండీ, పాతదే."

"ఏం, ఎవరికీ నచ్చలేదా?"

"మాకు నచ్చిందండి," అన్నాను.

ఆ తరవాత మా ఇంటికి ఇంకో సైకిలు రాలేదు.

మర్నాడు డిసెంబరు మొదటి ఆదివారం, బల్ల. బీరువాలోంచి ఆయన తెల్ల చొక్కా తీసి, నేనే గుండీలు పెట్టాను. మా వరస వంతు వచ్చేసరికి ఆయన బెంచీ అంచు పట్టుకుని నా వైపు చూశారు. నేను ఆడవాళ్ళ వైపునించి లేచి వెళ్ళి పక్కన మోకరించాను. పాస్టరుగారు చిన్న గ్లాసు ఆయన కుడిచేతికే ఇచ్చారు, కింద నా చెయ్యి పట్టాను. అయినా రెండు చుక్కలు చొక్కా మీద ఒలికాయి.

ఆ మరక ఎంత ఉతికినా పోలేదు. ఇప్పుడు బల్ల ఉన్న ప్రతి ఆదివారం ఆయన ఆ చొక్కాయే వేసుకుంటారు. గుండీలు నేను పెడతాను.